స్క్రీన్ మీద 75: వ్యసనం మందుకూ మనిషికీ మధ్య ఒక ఫారం

అమెరికాలో మందుల షాపు కంప్యూటర్‌కు అంకెల భాష ఒకటుంది. చీటీ వివరాలు కొట్టి ఇన్సూరెన్స్‌కు క్లెయిమ్ పంపితే రెండు మూడు సెకన్లలో జవాబు వచ్చేస్తుంది. ఒప్పుకుంటే గొడవ లేదు. ఒప్పుకోకపోతే ఒక కోడ్ పడుతుంది. 70 పడితే ఆ మందు పాలసీలో లేదని. 76 పడితే పాలసీ పెట్టిన పరిమితి దాటిందని. 75 పడితే ముందుగా అనుమతి తీసుకోలేదని. ఈ ముందస్తు అనుమతిని అక్కడ ప్రయర్ ఆథరైజేషన్ అంటారు, నోటి మాటలో ప్రయర్ ఆథ్. మొటిమల క్రీముకో కొలెస్ట్రాల్ మాత్రకో 75 పడితే జనం విసుక్కుని ఇంటికెళ్తారు, సోమవారం డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తారు. కొంప మునిగేదేమీ ఉండదు.

అదే 75 శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు, మత్తు వ్యసనానికి వాడే బ్యుప్రెనార్ఫిన్ అనే మందు చీటీకి పడిందనుకుందాం. కౌంటర్ ముందున్న మనిషి ఫెంటానిల్ అనే మత్తుమందు ఆపి దాదాపు 24 గంటలైంది. ముక్కు కారుతోంది, చెమటలు పడుతున్నాయి, కడుపులో మెలిపెడుతోంది, ఒళ్లంతా ఎవరో విరిచేస్తున్నట్టుంది. ఈ అవస్థను విత్‌డ్రాయల్ అంటారు. అతను ఈ అవస్థలో ఉన్నది కూడా డాక్టరు చెప్పబట్టే. మెదడులో ఓపియాయిడ్లు (నల్లమందు తరహా మందులు) అతుక్కునే చోట బ్యుప్రెనార్ఫిన్ చాలా గట్టిగా పట్టుకుంటుంది. ఒంట్లో ఫెంటానిల్ ఇంకా ఉండగా వేసుకుంటే దాన్ని ఒక్కసారిగా తోసేసి మనిషిని మరింత నరకంలో పడేస్తుంది. అందుకే మామూలు పద్ధతిలో విత్‌డ్రాయల్ బాగా మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు మొదటి డోసు వేసుకోమంటారు. అతను ఆగాడు. ఓర్చుకుని షాపుదాకా వచ్చాడు. డాక్టరు ఆఫీసు ఐదింటికే మూసేశారు. అనుమతి ఫారం ఫ్యాక్స్‌లో వెళ్లి, ఎవరో చూసి, జవాబు పంపేసరికి సోమవారమో మంగళవారమో అవుతుంది. ఫెంటానిల్ దొరకాలంటే ఒక ఫోన్ కాల్ చాలు.

ఇన్సూరెన్స్ నిబంధనల మీద చర్చ జరిగినప్పుడల్లా ఎన్ని అభ్యర్థనలు తిరస్కరించారన్న లెక్క ముందుకొస్తుంది. ఈ మందు విషయంలో ఆ లెక్క అసలు సంగతిని దాచేస్తుంది. ఇలాంటి అభ్యర్థనల్లో చాలా వాటికి చివరికి అనుమతి వచ్చేస్తుంది. దెబ్బ తగిలేది అది వచ్చేలోపు గడిచే రెండు మూడు రోజుల్లో. మానేద్దామన్న సంకల్పం ఈ జబ్బులో గంటల లెక్కన ఉంటుంది. అనుమతి మాత్రం పనిదినాల లెక్కన వస్తుంది.

తెలుగు పాఠకులకు ప్రీ ఆథ్ అనే మాట కొత్తేమీ కాదు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కు ముందు అనుమతి రావాలి, కార్పొరేట్ ఆసుపత్రిలో క్యాష్‌లెస్ కావాలంటే ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర పడిగాపులు పడాలి. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో తేల్చమని మన ఐఆర్‌డీఏఐ 2024లో కంపెనీలను ఆదేశించింది కూడా. కాకపోతే మన దగ్గర ఈ తంతు ఎక్కువగా ఆసుపత్రిలో చేరేటప్పుడు ఉంటుంది. అమెరికాలో రోజూ మింగే మాత్రకూ ఉంటుంది.

ఆ మాత్ర ఎందుకంత ముఖ్యమో చెప్పుకోకుండా ముందుకెళ్లలేం. 1996లో పర్డ్యూ ఫార్మా ఆక్సీకాంటిన్ అమ్మకాలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి నొప్పి మాత్రలతో మొదలై, హెరాయిన్ మీదుగా ఫెంటానిల్‌కు చేరిన ఈ ఉపద్రవంలో 2022లో, 2023లో ఏటా లక్షమందికి పైగా ఓవర్‌డోస్‌తో చనిపోయారు. అందులో ఏటా సుమారు 80 వేల మరణాలు ఓపియాయిడ్లవే. 2024లో మొత్తం సంఖ్య బాగా తగ్గింది, అయినా 80 వేల దరిదాపుల్లో ఉంది. ఈ వ్యసనానికి అక్కడ ఆమోదం ఉన్న మందులు మూడు: మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్. మెథడోన్‌ను ప్రత్యేక లైసెన్సున్న క్లినిక్‌లలోనే ఇస్తారు, మొదట్లో దాదాపు రోజూ వెళ్లి అక్కడే తాగి రావాలి. నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టాలంటే వారం పదిరోజులు ఏ ఓపియాయిడూ ముట్టకూడదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. మామూలు డాక్టరు రాస్తే మామూలు మందుల షాపులో దొరికేది, ఇంట్లో నాలుక కింద పెట్టుకునేది బ్యుప్రెనార్ఫిన్ ఒక్కటే. 2002లో దీనికి ఆమోదం వచ్చింది. తహతహను తగ్గిస్తుంది. ఊపిరిని నెమ్మదింపజేసే దీని ప్రభావం ఒక స్థాయి దాటి పెరగదు కాబట్టి మిగతా ఓపియాయిడ్ల కంటే ఎంతో సురక్షితం.

పలు దేశాల అధ్యయనాలను కలిపి 2017లో బీఎంజే అనే వైద్య పత్రిక ఒక విశ్లేషణ వేసింది. బ్యుప్రెనార్ఫిన్ వాడుతున్న కాలంలో ఏడాదికి వెయ్యిమందికి 4.3 మరణాలుంటే, ఆపేసిన కాలంలో 9.5 ఉన్నాయి. రెట్టింపు కన్నా ఎక్కువ. ఇంత తేడా చూపించే మందులు వైద్యంలో ఎన్నో లేవు. అయినా 2021లో అమెరికాలో ఓపియాయిడ్ వ్యసనం ఉన్న సుమారు 25 లక్షల మంది పెద్దవాళ్లలో మందు అందింది 22 శాతానికే. ఆ ఖాళీకి కారణం ఒక్కటే కాదు. సిగ్గు ఉంది, డాక్టర్లు లేని పల్లెలున్నాయి, ఇన్సూరెన్స్ లేనివాళ్లున్నారు. మిగతా వాటికి ఏళ్లు పడుతుంది గానీ, ఒక ఉత్తరంతో తీసేయగలిగింది మాత్రం ప్రయర్ ఆథ్.

ఇంతకీ ఈ నిబంధన ఎందుకు పుట్టింది? ఇన్సూరెన్స్ కంపెనీల వాదన వినకుండా కొట్టిపారేయడం సరికాదు. బ్యుప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడే, చేతులు మారి వీధిలో అమ్ముడుపోతుంది. డబ్బు తీసుకుని చీటీలు రాసిచ్చే క్లినిక్‌లు నిజంగానే ఉండేవి. మొదట్లో బ్రాండ్ మందు ఖరీదెక్కువ. కాబట్టి రోగికి నిజంగా ఈ జబ్బే ఉందా, కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాడా, ఇంకేమైనా వాడుతున్నాడా అని అడగడంలో తప్పేముంది అని వాళ్లంటారు.

ఫారం చేతిలోకి తీసుకుని చూస్తే తప్పెక్కడుందో కనిపిస్తుంది. పైన రోగి పేరు, సభ్యత్వ నంబరు. కింద జబ్బు కోడ్, సాధారణంగా ఎఫ్11.20, అంటే ఓపియాయిడ్ మీద ఆధారపడటం. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత వరస మొదలవుతుంది. మూత్ర పరీక్ష ఎప్పుడు చేశారు, ఫలితం జత చేయండి. కౌన్సెలింగ్ ఎవరి దగ్గర, ఎన్నిసార్లు? డోసు ఎప్పటికి తగ్గిస్తారు, ఎప్పుడు ఆపేస్తారు? నాలోక్సోన్ (దుర్వినియోగాన్ని అడ్డుకునేందుకు కలిపే మందు) కలవని మాత్ర రాస్తే రోగి గర్భవతా? ఆరు నెలలకో ఏడాదికో అనుమతి గడువు తీరుతుంది, మళ్లీ మొదటి నుంచి అన్నీ నింపాలి. అందరి ఫారాలూ ఒకలా ఉండవు, ఏ కంపెనీ చిట్టా దానిదే.

ఇందులో కొన్ని ప్రశ్నలు వైద్యానికే అడ్డం. ఆపేసే తేదీ అడగడం అలాంటిదే. ఈ మందు ఆపేస్తే మరణం ముప్పు పెరుగుతుందని పైన చెప్పుకున్న లెక్కలే చూపిస్తున్నాయి. షుగరు పేషెంటు చీటీ మీద ఇన్సులిన్ ఎప్పుడు మానేస్తారని ఎవరూ అడగరు. కౌన్సెలింగ్ షరతూ అంతే. కౌన్సెలింగ్ మంచిదే, కానీ అది దొరకలేదన్న కారణంతో మందు ఆపకూడదని అమెరికా నేషనల్ అకాడమీస్ 2019 నివేదిక తేల్చి చెప్పింది. మూత్రంలో ఫెంటానిల్ కనిపిస్తే అనుమతి ఆపే పద్ధతి మరీ విచిత్రం. జబ్బు ఉన్నట్టు రుజువైంది కాబట్టి మందు ఆపుతామన్నట్టు ఉంటుంది.

పైగా చేతులు మారుతుందన్న భయం ఈ మందు మీదే పడింది. అదే సమయంలో వ్యసనం తెప్పించిన నొప్పి మాత్రలు దర్జాగా అనుమతి లేకుండా వెళ్లిపోయేవి. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ మందుల ప్లాన్ల మీద 2019లో జామా అనే వైద్య పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. బ్యుప్రెనార్ఫిన్‌ను ఏ ఆంక్షా లేకుండా ఇచ్చే ప్లాన్లు 2007లో 89 శాతం ఉంటే, 2018 నాటికి 35 శాతానికి పడిపోయాయి. ఓవర్‌డోస్ మరణాలు ఏటికేడు పెరిగిన కాలం సరిగ్గా అదే. నొప్పి కోసం రాసే ఓపియాయిడ్లలో ఎక్కువ భాగానికి మాత్రం ఆ ప్లాన్లలో ముందస్తు అనుమతి అక్కర్లేకపోయింది. జబ్బు తెచ్చే మాత్రకు తలుపు తెరిచి, దాని విరుగుడుకు గడియ పెట్టినట్టయింది. ఎవరో కూర్చుని కుట్ర చేసి ఇలా రాశారనుకోనక్కర్లేదు. ఒక్కో మందు జాబితాను ఒక్కో కమిటీ ఖర్చు లెక్కలు చూసి రాసుకుంటూ పోతే, మొత్తం బొమ్మ ఎలా ఉందో చూసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

ఆ బొమ్మను మొదట బయటపెట్టిన వాళ్లలో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసు ఒకటి. అప్పటి అటార్నీ జనరల్ ఎరిక్ ష్నైడర్‌మన్ దర్యాప్తు తర్వాత 2016 అక్టోబరులో సిగ్నా, 2017 జనవరిలో యాంథెమ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ మందులకు ప్రయర్ ఆథ్ ఎత్తేయడానికి ఒప్పుకున్నాయి. 2017 మార్చి నుంచి ఏట్నా కూడా అదే దారి పట్టింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం చట్టాలు చేసుకుంటూ వచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు నేరుగా తగిలేది. పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్య ఖర్చు తామే భరిస్తాయి. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా అది కాగితం పని చేసిపెట్టడానికే, డబ్బు యజమానిది. ఇలాంటి ప్లాన్లను 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం కిందకు తెచ్చారు, రాష్ట్ర ఇన్సూరెన్స్ చట్టాలు వాటికి వర్తించవు. యజమాని ద్వారా ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగుల్లో 60 శాతానికి పైగా ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. అంటే రాష్ట్ర శాసనసభ ప్రయర్ ఆథ్‌ను నిషేధించినా, ఆ రాష్ట్రంలోనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మనిషి కొడుక్కి 75 పడొచ్చు. కొడుకు అని ఊరికే అనలేదు. తల్లిదండ్రుల ఇన్సూరెన్స్ కింద పిల్లలు 26 ఏళ్లదాకా ఉండొచ్చు, ఈ వ్యసనంలో చిక్కుకునే వయసూ చాలామందికి అదే. మనవాళ్లలో ఈ జబ్బు గురించి పక్కింట్లో కూడా చెప్పుకోరు. ఇక కంపెనీ హెచ్ఆర్‌కు ఫోన్ చేసి ప్లాన్ నిబంధన అడగడానికి ఏ తండ్రి ధైర్యం చేస్తాడు?

మానసిక జబ్బులనూ వ్యసనాలనూ మిగతా జబ్బులతో సమానంగా చూడాలని 2008లో కేంద్రం ఒక చట్టం చేసింది. ఎరిసా ప్లాన్లకూ అది వర్తిస్తుంది. వినడానికి బాగుంది. కానీ అది ప్రయర్ ఆథ్‌ను నిషేధించదు, మిగతా మందులకు పెట్టిన దానికంటే కఠినంగా పెట్టొద్దంటుంది, అంతే. కఠినమా కాదా అని తేల్చాలంటే కంపెనీ లోపలి కాగితాలు చూడాలి. ఆ పోలికలు కాగితం మీద పెట్టి చూపించాల్సిన తీరును బిగిస్తూ 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2025 మేలో వాటి అమలు మీద పట్టుబట్టబోమని ప్రభుత్వమే ప్రకటించింది.

పేదల ఇన్సూరెన్స్ అయిన మెడికెయిడ్ సంగతి వేరు. ఈ జబ్బు ఉన్న 65 ఏళ్ల లోపు పెద్దవాళ్లలో దాదాపు 40 శాతానికి ఇదే దిక్కు. అన్ని రాష్ట్రాల మెడికెయిడ్లూ ఈ మూడు మందులకూ డబ్బు కట్టి తీరాలని 2018 నాటి సపోర్ట్ చట్టం చెప్పింది. కట్టాలంది గానీ, అనుమతి అడగొద్దనలేదు. చాలా రాష్ట్రాలు తర్వాత తమంతట తామే ఎత్తేశాయి.

ఎత్తేసిన చోట ఏమైంది? ఈ ప్రశ్నకు జవాబు ఉద్యమకారులు ఆశించినంత శుభ్రంగా రాలేదు. మెడికేర్ ప్లాన్ల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో అనుమతి తీసేసిన ప్లాన్లలో ఈ మందు వాడకం పెరిగింది, ఆసుపత్రికీ ఎమర్జెన్సీకీ వెళ్లడం తగ్గింది. మెడికెయిడ్ మీద తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఫలితాలు కలగాపులగం. అప్పటిదాకా ఈ మందు తక్కువగా రాసే రాష్ట్రాల్లో కొంత పెరుగుదల కనిపించింది. అన్నిటినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ప్రయర్ ఆథ్ వల్ల నష్టం లేదని దీని అర్థమా? అలా చదవడం తొందరపాటు. వరసగా నాలుగు గేట్లున్న దారిలో ఒకటి తీస్తే అవతలికి చేరేవాళ్ల సంఖ్య అంతగా మారకపోవచ్చు, మిగతా మూడూ ఆపుతాయి.

ఆ గేట్లలో ఒకటి డాక్టర్ల మీదే ఉండేది. ఈ మందు రాయాలంటే ప్రత్యేక శిక్షణ తీసుకుని ఎక్స్ వేవర్ అనే అనుమతి పొందాలి. మొదట ఒక్కో డాక్టరుకు 30 మంది రోగులే పరిమితి, తర్వాత 100, 2016లో 275. అదే డాక్టరు ఆక్సీకాంటిన్ రాయడానికి ఇవేవీ అక్కర్లేదు. 2022 డిసెంబరు ఆఖర్లో సంతకమైన చట్టంతో ఎక్స్ వేవర్ పోయింది. రాసే డాక్టర్ల సంఖ్య పెరిగింది, మందు తీసుకునే రోగుల సంఖ్య మాత్రం దాదాపు అక్కడే ఉండిపోయింది. ఇంకో గేటు ఫార్మసీ. నియంత్రిత మందు కాబట్టి ఎక్కువ ఆర్డర్ చేస్తే అధికారుల కళ్లు పడతాయన్న భయంతో కొన్ని షాపులు స్టాకే పెట్టవు.

మరొకటి, 75 పోయాక దాని స్థానంలోకి వచ్చే 76. చాలా ప్లాన్లు రోజుకు 24 మిల్లీగ్రాములో, కొన్ని 16 మిల్లీగ్రాములో గీత గీసి కూర్చున్నాయి. హెరాయిన్ కాలంలో ఆ మోతాదు చాలామందికి సరిపోయేది. ఫెంటానిల్ అలవాటైన ఒంటికి తరచూ చాలడం లేదు. మందు లేబుల్‌లో 24కు మించి ప్రయోజనం రుజువు కాలేదన్న వాక్యం ఉండేది, ఇన్సూరెన్సులు దాన్నే గరిష్ఠ పరిమితిగా చదువుకున్నాయి. అది గరిష్ఠ మోతాదు కాదని స్పష్టంగా తెలిసేలా లేబుళ్లు మార్చమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో సిఫార్సు చేయాల్సొచ్చింది. నెలకోసారి వేసే ఇంజెక్షన్లది ఇంకో కథ. 2017లో సబ్లోకేడ్, 2023లో బ్రిక్సాడీ వచ్చాయి. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరూ దొంగిలించరు, వీధిలో అమ్ముకునే వీలూ లేదు. చేతులు మారుతుందన్న భయమే నిజమైతే ఇన్సూరెన్సులు వీటిని ఎగిరి గంతేసి ఇవ్వాలి. కానీ నెలకు వెయ్యి డాలర్లు దాటే ధర కాబట్టి ప్రయర్ ఆథ్ ఎక్కువగా మిగిలింది వీటి మీదే. మాత్ర వాడి చూశాకే ఇంజెక్షన్ అంటాయి. అసలు బాధ దేని గురించో ఇక్కడ తెలిసిపోతుంది.

ఈ కాగితాల గొలుసులో హైదరాబాద్ కూడా ఉంది. అమెరికా ఆసుపత్రులకూ క్లినిక్‌లకూ బిల్లింగ్ పని చేసిపెట్టే ఆఫీసుల్లో ప్రయర్ ఆథ్ ఒక ఉద్యోగం పేరు. నైట్ షిఫ్ట్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని, ఇన్సూరెన్స్ వాళ్లు హోల్డ్‌లో పెడితే పాట వింటూ, చివరికి ఒక రిఫరెన్స్ నంబరు రాసుకుని, స్టేటస్ పెండింగ్ అని కొట్టి తర్వాతి ఫైలుకు వెళ్తారు. అక్కడి డాక్టర్ల సంఘం సర్వేల్లో ఒక్కో డాక్టరు వారానికి సుమారు 40 ప్రయర్ ఆథ్‌లు చూస్తున్నట్టు తేలింది. అంత కాగితం అక్కడి సిబ్బందితో తెమలక కొంత ఇక్కడికొచ్చింది. అవతలి పక్క నిబంధనలు రాసేది ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్లు, అంటే ఇన్సూరెన్సుల తరఫున మందుల వ్యవహారం చూసే కంపెనీలు. అమెరికాలో దాదాపు 80 శాతం చీటీలు మూడు పెద్ద కంపెనీల చేతుల మీదుగానే వెళ్తాయి.

గడువుల విషయానికొస్తే అన్నిటికంటే నయం మెడికెయిడే. మందుల అనుమతి అడిగితే 24 గంటల్లో జవాబివ్వాలని కేంద్ర చట్టంలోనే ఉంది. అత్యవసరమైతే కనీసం 72 గంటలకు సరిపడా మందు చేతికివ్వాలనీ ఉంది. మెడికేర్ మందుల ప్లాన్లకు మామూలుగా 72 గంటలు, తొందర ఉందని డాక్టరు చెబితే 24 గంటలు. అనుమతుల జాప్యం తగ్గిస్తామంటూ 2024 జనవరిలో ప్రభుత్వం పెద్ద నిబంధనే తెచ్చింది. 2026 నుంచి తొందరవైతే 72 గంటల్లో, మామూలువైతే ఏడు రోజుల్లో తేల్చాలంది. స్కాన్లకూ ఆపరేషన్లకూ అది వర్తిస్తుంది. మందులను మాత్రం అందులోంచి మినహాయించారు.

అందుకే శుక్రవారం సాయంత్రం కౌంటర్ దగ్గర చిక్కుకున్న మనిషికి ఈ చట్టాలన్నిటికంటే పనికొచ్చేవి కొన్ని చిన్న విషయాలు. ముందు పడిన కోడ్ ఏదో అడగాలి. 76 అయితే డాక్టరు డోసు తగ్గించి రాసినా ఈ రాత్రికి గడుస్తుంది. 75 అయితే నాలోక్సోన్ కలిసిన జెనరిక్ మాత్రకు అనుమతి అక్కర్లేదేమో చూడమనాలి, చాలా ప్లాన్లలో ఫిల్మ్‌కు (పలుచటి పొర రూపంలోని ఇదే మందుకు) అడ్డం పెట్టి మాత్రను వదిలేస్తారు. మెడికెయిడ్ అయితే 72 గంటల ఎమర్జెన్సీ సప్లై అని పేరు పెట్టి అడగాలి, అడగకపోతే చాలా షాపుల్లో ఎవరూ గుర్తుచేయరు. ఇన్సూరెన్స్ పక్కన పెట్టి రెండు మూడు రోజులకు సరిపడా జెనరిక్ మాత్రలు సొంత డబ్బుతో కొనుక్కోవడం కూడా చాలాచోట్ల చేతికందే ఖర్చే. ఇవేవీ కుదరకపోతే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లడం. అక్కడే మొదటి డోసు వేయొచ్చు, మూడు రోజుల మందు ఒకేసారి చేతికిచ్చి పంపడానికీ కేంద్ర నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎమర్జెన్సీలోనే ఈ మందు మొదలుపెట్టిన వాళ్లలో 78 శాతం నెల తర్వాత కూడా చికిత్సలో ఉన్నారని, అడ్రసు రాసిచ్చి పంపిన వాళ్లలో 37 శాతమే మిగిలారని యేల్ వైద్యులు 2015లోనే చూపించారు. ఆ మందు ఇచ్చేది ఆసుపత్రి కాబట్టి, ఫార్మసీ కంప్యూటర్‌తో అప్పటికి పని ఉండదు.